అలకపాన్పు మీద అడిగిన కారు

బందరు చిలకలపూడిలో చేతిపని వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, దాన్ని ఎందుకూ కొరగాని పనికి వాడినవాడు ధనుంజయ్ ఒక్కడే. ఈ మాట నాది కాదు, వాళ్లమ్మ కనకమహాలక్ష్మిది. పగలంతా షెడ్డులో నా పక్కన కూర్చుని రోల్డ్ గోల్డ్ గొలుసులకు టంకం పెట్టేవాడు. షెడ్డు మూసేశాక మిగిలిన రాగి, ఇత్తడి ముక్కలు ఏరుకుని ఇంటికి వెళ్లి కార్లు చేసేవాడు.

మామూలు కార్లు కాదు, హాట్ రాడ్లు. అమెరికాలో కొందరు పాత కారు కొని, బానెట్ పీకేసి, దాని ఒంటికి మించిన ఇంజను బిగించి రోడ్డెక్కుతారట. ధనుంజయ్ ఫోనులో అవి చూసి మనసు పారేసుకున్నాడు. పన్నెండో వంతు కొలతలో, మూరెడు కూడా లేని కార్లు చేసి, ఆ అమెరికా వాళ్లకు కలలో కూడా రాని ఇంజన్లు పెట్టేవాడు. ఒకదానికి కాలవగట్టు మీద నీళ్లు తోడే డీజిల్ ఇంజను. ఇంకోదానికి రొయ్యల చెరువులో నీళ్లు చిలికే ఏరేటరు, రెక్కలతో సహా. దూరం నుంచి చూస్తే నవ్వొచ్చేది, చేతిలోకి తీసుకుంటే ఆ నవ్వు ఆగిపోయేది. అయితే అవన్నీ కదలని బొమ్మలు.

కదిలేది ఒక్కటే చేశాడు. వాళ్ల నాన్న గుడివాడలో పనిచేసిన పాత రైసుమిల్లు ఆవిరి ఇంజనును చిన్నది చేసి కారు ముక్కు మీద కూర్చోబెట్టాడు. నిమ్మకాయంత రాగి బాయిలరు, కింద స్పిరిట్ దీపం. నాలుగేళ్లు పట్టింది. చెల్లెలు పూర్ణిమ పెడనలో కలంకారీ బట్టల మీద రంగులు అద్దే పనికి వెళ్లేది. ఆ చేత్తోనే కారు పక్కల ఎర్రటి మంటల బొమ్మలు వేసింది. అది మొదటిసారి బుసబుసమంటూ వంటింట్లోంచి గడప దాకా నడిచిన రోజు అన్నాచెల్లెళ్లిద్దరూ దాని వెనకాల మోకాళ్ల మీద పాకారు. నేను కళ్లారా చూశాను.

దాని వీడియో చూసి మద్రాసులో మోడళ్లు చేసేవాళ్లు తమ ప్రదర్శనకు రమ్మన్నారు. పుట్టి బుద్ధెరిగాక ధనుంజయ్‌ని ఎవరైనా ఎక్కడికైనా పిలవడం అదే మొదలు. పూర్ణిమ పెళ్లి అయిన మూడో రోజుకు రైలు టికెట్టు తీసుకున్నాడు.

పెళ్లికొడుకు శశిధర్‌ది గుడివాడ. నందివాడలో రొయ్యల చెరువులున్నాయి. పెళ్లి బాగానే జరిగింది. మర్నాడు ఇంట్లో అలకపాన్పు పెట్టారు. మా వైపు ఈ ముచ్చట దాదాపు పోయింది గానీ వీడియోల పుణ్యమా అని మళ్లీ లేచి కూర్చుంది. పెళ్లికొడుకు మంచమెక్కి అలగాలి, అత్తగారు బతిమాలాలి, అతను అడిగింది ఇవ్వాలి. కాదనడానికి లేదు. కనకమహాలక్ష్మి ఉంగరం ఒకటి ముందే చేయించి ఉంచింది.

"ఏం కావాలి బాబూ?" అంటూ ఆవిడ డబ్బీ తెరిచింది.

"చిలకలపూడి ఉంగరమా? గీకి చూడరా శశీ!" అన్నాడు పెళ్లికొడుకు స్నేహితుడు గిరీష్. హాలంతా గొల్లుమంది.

శశిధర్ ఉంగరం వైపు చూడలేదు. "నాకు కారు కావాలండీ అత్తయ్యగారూ," అన్నాడు.

ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అల్లుడుగారు తీరిగ్గా ఆ ముఖం చూసి, సరిపడా ఆనందించి, అప్పుడు బీరువా మీదున్న ఆవిరి కారు వైపు వేలు చూపించాడు. "ఆ కారండీ."

"బతికించారు బాబూ!" అంది ఆవిడ. ఆ నవ్వులు వీధిలోకి వినిపించాయి. ఎంత తేలిగ్గా బయటపడ్డామా అని చుట్టాలందరికీ సంతోషమే.

ధనుంజయ్ ముందుకొచ్చాడు. "బావగారూ, అదొక్కటీ వద్దండీ. ఎల్లుండి మద్రాసు తీసుకెళ్లాలి. మీకింకోటి చేసిస్తాను, ఇంతకన్నా మంచిది."

"అలక తీరలేదండోయ్!" అని గిరీష్ కేక పెట్టాడు.

"చెల్లెలి పెళ్లిరా. బొమ్మ కోసం పరువు తీస్తావా?" అని తల్లి పళ్లు కొరికింది.

ధనుంజయ్ చెల్లెలి వైపు చూశాడు. ఆమె ఒక్క మాట అంటే చాలు.

"ఇచ్చెయ్యన్నయ్యా. ఆయన అడిగారుగా," అంది పూర్ణిమ. నిన్న తాళి కట్టినవాడు అప్పుడే ఆయన అయిపోయాడు.

కారు దించి ఇచ్చాడు. శశిధర్ దాన్ని ఒడిలోనైనా పెట్టుకోకుండా గిరీష్ చేతికిచ్చి "నడపరా" అన్నాడు. అత్తసొమ్ము అల్లుడు దానమంటే ఇదే. బందరు నీళ్లలో ఉప్పుంటుంది, బాయిలరుకి పడదు. అందుకని ధనుంజయ్ "ఒక్క నిమిషం, వెలిగించకండి" అని చెప్పి క్యాను నీళ్ల కోసం లోపలికి పరిగెత్తాడు. గ్లాసుతో తిరిగొచ్చేసరికి దీపం వెలుగుతోంది. ఖాళీ బాయిలరు కాలి నల్లబడింది. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి.

"నీళ్లేగా!" అంటూ గిరీష్ గ్లాసు లాక్కున్నాడు.

"పొయ్యకండి! ఇప్పుడు పొయ్యకండి బాబూ!"

ఆ బతిమాలడం విని వాళ్లకు ఇంకా నవ్వొచ్చింది. పోశాడు. కాలిన రాగి మీద చన్నీళ్లు పడగానే టంకం విడిపోయి బాయిలరు టప్పున పగిలింది, స్పిరిట్ ఒలికి కారు మీది రంగుకు నిప్పంటుకుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. వెధవల్లారా అని అరవాలనిపించింది నాకు. పెళ్లింట్లో నిప్పేమిటని ఎవరో బిందెడు నీళ్లు గుమ్మరించారు. అంతకుముందే ధనుంజయ్ వట్టి చేతులతో ఆ వేడి ఇత్తడిని పట్టుకున్నాడు, వేళ్లు బొబ్బలెక్కాయి.

"అయితే నాకేమీ ఇవ్వనట్టేగా?" అన్నాడు శశిధర్ మంచం మీంచి. తల్లి మళ్లీ డబ్బీ తెరిచింది. పెళ్లికూతురి అన్న తొడగాలన్నారు. ఆ బొబ్బల చేత్తోనే ధనుంజయ్ ఉంగరం తొడిగాడు. నవ్వమన్నాడు ఫొటోగ్రాఫరు. నవ్వాడు.

మద్రాసు వెళ్లలేదు. వాళ్లకు ఏం చెప్పాలో తెలియక ఫోనెత్తలేదు, వాళ్లు మళ్లీ చెయ్యలేదు. గిరీష్ పెట్టిన వీడియో మాత్రం బందరంతా తిరిగింది. షెడ్డులో కుర్రాళ్లు దాన్ని ధనుంజయ్ ముందే పెట్టుకుని చూసేవారు. అతను తల వంచుకుని గొలుసులు అతికేవాడు.

నెల తర్వాత పని మధ్యలో పూర్ణిమ ఫోను చేసింది. చేతిలో పని ఉండి స్పీకరు పెట్టాడు, అందుకే నేనూ విన్నాను.

"అన్నయ్యా, ఆ వీడియో బాగా వెళ్లిందట. ఈయనా, స్నేహితులూ పాలకాయతిప్ప బీచికి వెళ్తున్నారు. అక్కడ తగలబెట్టడానికి అలాంటిదే ఇంకోటి చేసిమ్మంటున్నారు."

ధనుంజయ్ టంకం కర్ర కింద పెట్టాడు. "ఆయన అడగమన్నారా, నువ్వే అడుగుతున్నావా?"

 ఆమె గొంతు తగ్గించి, ఎంతో దయగా చెప్పింది. "నువ్వంత కష్టపడక్కర్లేదన్నయ్యా. ఇంజను ఎవరూ చూడరు. మండితే చాలు."

"సరేనమ్మా," అన్నాడు ధనుంజయ్.