డిక్కీ అడుగున నీలం రంగు

నాయన వదిలివెళ్ళిన పాత ఫారిన్ కారుకు మళ్ళీ రంగు వేయించడానికి ఈ రోజు మధ్యాహ్నం హిందూపురంలో పెయింటర్ ఖాదర్ దగ్గరకు వెళ్ళాను. అమ్మ కూడా వచ్చింది. తన పెళ్ళినాటికి ఆ కారు నీలంగా ఉండేదని అమ్మ అనేది. నాకు తెలిసి అది నలుపే. మతిమరుపని మేమంతా నవ్వేవాళ్ళం. ఈ మధ్య తనే ఆ మాట అనడం మానేసింది.

ఖాదర్ డిక్కీ అడుగున తుప్పు పట్టకుండా పూసిన తారు పొరను మెల్లగా గీకాడు. కింద లేత నీలం మెరిసింది.

"ఇది కంపెనీలో వేసిన రంగు అప్పా. ఇన్నేండ్లయినా ఎట్లుండాదో చూడు," అన్నాడు.

అమ్మ వంగి దాన్ని వేలితో తడిమింది. "చూడురా, నేనేమీ మర్చిపోలేదు," అంది.

కారంతా ఆ రంగే వేయమని చెప్పి వచ్చాను. ఇన్నేళ్ళు నవ్వినందుకు అమ్మకు ఏం చెప్పాలో మాత్రం తోచడం లేదు. మీరైతే ఏమంటారు?