పెద్దమ్మ చెవి ఆనించిన డ్రమ్ము

పోయిన సోమవారం పొద్దున మా పక్కింటి పెద్దమ్మ చనిపోయింది. సాయంత్రానికల్లా గల్లీ మూలన ఫ్లెక్సీ కట్టారు. అందులో ఆమె ఉత్తమ గృహిణి, దైవభక్తురాలు. ధర్మసాగర్ రోడ్డు మీద కల్లు కాంపౌండులో ముప్ఫయ్యేళ్లు కల్లు అమ్మి కొడుకును చదివించిందన్న ముక్క మాత్రం లేదు. నాకు ఒళ్లు మండింది. ఆ మంట చల్లారకముందే ఇది రాస్తున్నాను.

నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. రెండేళ్ల కిందట ఇంట్లోనే బీరు తయారు చేసుకోవాలన్న పిచ్చి పట్టింది. అందులోనూ పేల్ ఏల్. రంగు లేతగా ఉంటుంది, హాప్స్ అనే ఎండుపూల చేదూ వాసనా ముందుగా తగులుతాయి. ఆడమనిషి బీరు కాయడమేమిటని గల్లీలో గుసగుసలు. "టీచరమ్మ గుడుంబ కాస్తాందట" అని కూడా అన్నారు. పెద్దమ్మ ఒక్కతే తలుపు తోసుకుని వచ్చి, కొంగు నడుముకు చెక్కి, "ఏం గావాల్నో జెప్పు బిడ్డా" అంది.

డ్రమ్ము కడగమన్నాను. "జర మంచిగ కడుగు పెద్దమ్మా, ఖరాబు కావద్దు" అని మరీ చెప్పాను. నేనేమో వంటింట్లో మాల్టు రసంలో, అంటే మొలకెత్తించిన బార్లీ రసంలో, హాప్స్ వేసి మరిగించి, చల్లార్చి, డ్రమ్ములో పోసి, పులియడానికి ఈస్టు చల్లాను. ఇక అది పొంగాలి, బుడగలు రావాలి. మూడు రోజులైనా ఉలుకూ పలుకూ లేదు. పెద్దమ్మ వచ్చి డ్రమ్ముకు చెవి ఆనించింది. కల్లు కుండ దగ్గరైనా ఆమె అంతే, చూసేది కాదు, వినేది. నిన్నటి కల్లో ఇవాళ్టిదో చప్పుడును బట్టి చెప్పేది.

"సప్పుడే లేదు. సున్నం మంచిగ పనిజేసింది" అంది సంతోషంగా.

తాటిచెట్టుకు కట్టే లొట్టికి లోపల సున్నం పూస్తే కల్లు పులియదు, తియ్యగా నిలుస్తుంది. ఖరాబు కావద్దన్నాను కదా, నా డ్రమ్ముకూ పూసింది. తెల్ల డ్రమ్ముకు తెల్ల సున్నం, నా కంటికి ఆనలేదు. ఇంత కెమిస్ట్రీ చదివిన నేను తెల్లమొహం వేశాను. సంగతి చెబితే ఆమె నన్నే కసిరింది. "పొంగాలె అని ముందుగాల జెప్పొద్దా?"

రెండోసారి డ్రమ్ము గలగలలాడింది. పొంగు తగ్గాక మళ్లీ గుప్పెడు హాప్స్ వేస్తుంటే, వాసన చూసి "బత్తాయి తొక్క" అంది. రోజూ మూత తీయబోయే నా చెయ్యి పట్టుకుని ఆపేది. "దానికి లేని తొందర నీకెందుకు?" ఆ మాట ఇప్పుడు ల్యాబులో నా పిల్లలకు నేను చెప్తున్నాను.

తాగే రోజు వచ్చింది. గ్లాసు వద్దని, కల్లు తాగినట్టే తాటాకు రేకను దొప్పలా మలిచి పట్టింది. మొదటి గుక్కకు మొహం చిట్లించి "గిదేం చేదు బిడ్డా" అని, వెంటనే "ఇంకింత పొయ్యి" అంది. తర్వాత నవ్వకుండానే చెప్పింది. "నేను పోతె నాకిదే పెట్టు. కల్లయితే అందరు తెస్తరు."

ఎవరూ తేలేదు. మూడో రోజు, కాకి ముట్టేలా విస్తరి వేసి పిట్టకు పెట్టడానికి వెళ్లాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి పెట్టాల్సిన విస్తట్లో అన్నం, గారెలు, పక్కన ఓ కూల్‌డ్రింకు సీసా. ఆమెను ఇలా దాచిపెట్టి సాగనంపడం నాకు చేతకాలేదు. సంచిలోంచి నా సీసా తీశాను. ఆమె చెవి ఆనించిన ఆఖరి డ్రమ్ములోది.

కొడుకు గబగబా దగ్గరికొచ్చాడు. "వద్దు మేడమ్. మా ఆఫీసోళ్లు ఉన్నరు. నలుగురు ఏమనుకుంటరు?"

"మీ అమ్మ నలుగురి ముందల్నే అమ్మింది తమ్మీ. నలుగురి ముందల్నే పెడుదాం."

తాటాకు రేక మలిచి, విస్తరి పక్కన పెట్టి పోశాను. తెల్లటి నురగ పైకి లేచి సన్నగా చిటపటలాడింది. కొడుకు ఆపలేదు. మోకాళ్ల మీద కూర్చుని, తల పక్కకు వాల్చి ఆ రేకకు చెవి దగ్గరగా పెట్టాడు, అచ్చం వాళ్లమ్మలాగే. గోడ మీద కాకి ఎదురుచూస్తోంది. నురగ చప్పుడు ఆగేదాకా అతను తల ఎత్తలేదు.