సోమయ్య గోడ రేకులు

నిన్న జనగామలో మా మనవడి వెల్డింగ్ షాపు గోడలకు థర్మాకోల్ పలకలు పెట్టి, వాటి మీద రేకులు బిగిస్తున్నారు. పలక రేకుకు రాసుకుని కీచుమన్నప్పుడల్లా నా పళ్లు జివ్వుమన్నాయి. పనివాళ్లు పై రేకును కింది రేకు మీదికి నాలుగు వేళ్లు దింపి బిగించడం చూశాక ఇక అక్కడ కూర్చోలేకపోయాను. ఆ పని నాకు నేర్పిన వడ్ల సోమయ్యను సర్కారు కాగితాలు ఇప్పటికీ దొంగ అనే అంటున్నాయి.

నర్మెట్ట పక్క ఊళ్లో ఆయనది ఎడ్లబండ్లు చేసే కొట్టం. అప్పటికే ఇద్దరు పిల్లల తండ్రినైన నేను ఆయన దగ్గర పనిచేసేవాణ్ని. దొరకు వెట్టి చేసేది లేదని ఊరి సంఘం తేల్చిన ఏడాది గడీ మనుషులు మా కొట్టానికి నిప్పు పెట్టారు. గడ్డి గోడలు, చేసి పెట్టిన చక్రాలు అన్నీ బూడిదయ్యాయి. సోమయ్య జనగామ అంగళ్లలో ఖాళీ కిరసనాయిలు డబ్బాలు అడిగి తెచ్చి, కోసి, సాగగొట్టి రేకులు చేశాడు. ఉత్త రేకయితే ఎండకు లోపల మనిషి ఉడికిపోతాడని వరిగడ్డి, ఎర్రమట్టి కలిపి తొక్కి మందపాటి పలకలు పోసి ఆరబెట్టాం. పలకల మీద వెదురు బద్దలు, బద్దల మీద రేకులు.

“నడుమ బద్దలెందుకు ఉస్తాద్?” అని అడిగాను.

“మట్టికి గాలాడాలె తమ్మి. తడిస్తె ఆరాలె గద” అన్నాడు.

గోడ పూర్తయి నెల కూడా కాలేదు, గడీ గుమాస్తా తుపాకీ మనుషులతో దిగాడు. “నీకు రేకుల గోడ ఎందుకురా? దొర గుర్రాల కొట్టానికి కావాలె, ఊడదియ్యి” అన్నాడు. గడీలో రేకులకు కరువా! వడ్లవాడి గోడ మెరవడం దొర ఓర్వలేకపోయాడు, అంతే. మా చేతులతోనే ఊడదీయించి, మా చేతులతోనే అక్కడ కొట్టించారు. నాకు ఒళ్లు మండిపోయింది. “కింది రేకును పైకేద్దాం, వానంత లోపలికే పోతది” అని ఆయన చెవిలో అన్నాను.

“నీళ్లు పడేది గుర్రం మీద, దొర మీద గాదు. గుర్రమేం జేసింది?” అన్నాడు. చివరి మేకు కొట్టి గుమాస్తా వైపు తిరిగాడు. “పని సక్కగ జేసిన. కని రేకులు నావి. ఒకనాడు తీస్కపోత.” గుమాస్తా చెప్పు తీసి కొట్టాడు. సోమయ్య ఆ మాటే మళ్లీ అన్నాడు.

సంఘం వాళ్లకు జడిసి దొర పట్నం పారిపోయిన రోజు పట్టపగలే వెళ్లి తెచ్చుకున్నాడు. తన రేకులు తప్ప గడీలో పుల్ల కూడా ముట్టలేదు. ఆ తర్వాత యూనియన్ సైన్యం వచ్చింది. నవాబు ఏలుబడి నుంచి మమ్మల్ని విడిపించడానికే అన్నారు. దాని వెనకే దొర ఖద్దరు టోపీ పెట్టుకుని ఊళ్లో దిగాడు! ఆయన రాయించిన మొదటి ఫిర్యాదు రేకుల దొంగతనం. ఠాణాలో జమేదారు నన్ను నిలబెట్టి, “గా రేకులు ఎవరియి?” అని అడిగాడు. పక్కనే సోమయ్య, చేతులు కట్టేసి ఉన్నాయి. నాకు పిల్లలు గుర్తొచ్చారు. తెల్వదన్నాను. చూపించిన చోట సంతకం పెట్టాను.

జైలు నుంచి వచ్చేసరికి ఆయనకు ఒక చెవి వినబడదు, కుడిచేయి సుత్తె పట్టదు. కాళ్ల మీద పడబోతే ఆపాడు. “నీకు పిల్లలున్నరు, నాకెరికే. కని తెల్వదన్నవు సూడు, గది తప్పు. ఎన్నడన్న సక్కజెయ్యి.” ఆ చలికాలమే పోయాడు.

దొర కొడుకు ఓట్లడగడానికి మా గడప తొక్కినప్పుడు కూడా నేను నోరు విప్పలేదు. ఆ సిగ్గు ఇన్నేళ్లూ నాతోనే ఉంది. ఇప్పుడు చెబుతున్నాను. ఆ రేకులు సోమయ్యవి. ఒక కొస నేను పట్టుకుంటే ఆయన సాగగొట్టినవి.