ఎర్ర బకెట్లూ బేత్లెహేము ఇసుకా

మనవరాలి బడివాళ్ల క్రిస్మస్ నాటకం చూడడానికి మొన్న మెదక్‌లో కొత్తగా కట్టిన హాలుకు వెళితే, తెర పక్కన గోడకు బిగించిన మంటలార్పే ఎర్రటి సిలిండరు కనిపించింది. దాని మెడకు ఎవరో దేవదూత రెక్కలు తగిలించారు. వాటిని తీసి కుర్చీ మీద పెట్టి, కళ్లజోడు సవరించుకుని గడువు తేదీ చదివాను. ఇంకా దాటలేదు. కొత్త రంగు వాసన కొడుతోంది. ఆ వాసనకే నా ప్రాణం మా పాత చర్చి ఆవరణలోకి ఉరికింది.

డిసెంబరు వచ్చిందంటే వాడంతా గరిజెలూ గులాబీ పువ్వులూ నూనెలో కాలే వాసన, కోతలైన పొలాల నుంచి పచ్చి వరిగడ్డి వాసన, మా ఇంట్లో మాత్రం వాటికి తోడు ఎర్ర రంగు వాసన. మా బాపు వడ్రంగి. చర్చి నాటకానికి బల్లలు కొట్టి స్టేజీ లేపేదీ, పక్కన కొయ్యలకు వేలాడే మంటలార్పే ఇసుక బకెట్లకు రంగు వేసేదీ ఆయనే. వాటి అడుగు గుండ్రంగా ఉండేది. నేల మీద పెడితే దొర్లిపోతాయి కనుక ఎవరూ ఇంటి వాడకానికి ఎత్తుకుపోరు. మంజీర ఇసుకను జల్లెడ పట్టి, ఎండబెట్టి బాపు వాటిని నింపుతుంటే, మేము ఆ వెచ్చటి ఇసుకలో కాళ్లు దూర్చి తిట్లు తినేవాళ్లం.

నాకు బాగా గుర్తున్న నాటకానికి ముందు ఏడు పెట్రోమాక్స్ దీపం తగిలి తెర అంచు కాలింది. ఇంకొక్కసారి నిప్పంటుకుంటే నాటకం బంద్ అని సంఘ పెద్దలు తేల్చేశారు. ఏడాదంతా మేము ఎదురుచూసే సంబరం అదొక్కటే. అప్పుడు నేను నాలుగో తరగతి అంటుంది మా అక్క. కాదు, అయిదు. గొల్లవాడి వేషం అయిదో తరగతివాళ్లకే ఇచ్చేవారు, నాకు ఆ ఏడే దక్కింది. అక్కది మరియ వేషం.

నాటకం నేర్పే మాస్టరుకు ఆ ఏడు స్టేజీ మీద ఎడారి కావాలనిపించింది. ఇసుక బండి రాలేదు. బాపు దీపాలు కడుతుండగా మాస్టరు బకెట్లన్నీ స్టేజీ మీద గుమ్మరించి, చక్కగా పరిచి, ఖాళీవాటిని మళ్లీ కొయ్యలకు తగిలించాడు. కింది నుంచి చూస్తే అవి నిండుగా ఉన్నట్టే కనిపించాయి.

జ్ఞానులు ప్రవేశించారు. ఒక జ్ఞాని చేతికర్ర దీపం కట్టిన తాడుకు తగిలి పెట్రోమాక్స్ వెళ్లి పశువుల కొట్టం మీద పడింది. వరిగడ్డి భగ్గుమంది. అక్క బొమ్మ యేసును చంకన పెట్టుకుని బయటికి దూకింది. బాపు పరుగున వచ్చి బకెట్ అందుకుని విసిరితే గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయన బకెట్‌లోకి చూశాడు, స్టేజీ వైపు చూశాడు.

"పోరగాండ్లారా, ఎడారిని ఎత్తుండ్రి!"

ఎత్తాం! జ్ఞానులు కిరీటాలతో, దేవదూతలు దోసిళ్లతో, నేను నా గొంగడి కొంగుతో తోడి పోశాం. మంట ఉక్కిరిబిక్కిరై అణిగిపోయింది. కింద జనం ఇదీ నాటకమేననుకుని ఈలలు వేసి చప్పట్లు కొట్టారు.

సంఘంలో అందరికంటే పెద్దాయన మెల్లగా మెట్లెక్కి వచ్చి, ఖాళీ బకెట్‌లో చెయ్యి పెట్టి చూశాడు. ఇక నాటకం బంద్ అనుకున్నాం. మాస్టరు తల వంచుకుని తప్పు తనదేనన్నాడు.

"బేత్లెహేముల గొల్లోళ్లు పొలంల ఉన్నరని రాసుంది కదయ్యా మాస్టరూ, ఎడారి ఎక్కడికెల్లి తెచ్చినవ్?" అన్నాడు పెద్దాయన. మసి మొహాలతో నిలబడ్డ మమ్మల్ని ఒక్కొక్కరినే చూశాడు. "వచ్చే యేడు ఉసికె బకెట్లల్లనే ఉండాలె. నేనే చెయి వెట్టి సూస్త."

వచ్చే ఏడు అన్నాడు! మేము ఎగిరిన ఎగురుడుకు బల్లలు దడదడలాడాయి. అప్పటి నుంచి ప్రతి ఏడూ ఆయన ప్రతి బకెట్‌లో మణికట్టు దాకా చెయ్యి దూర్చి చూసి తల ఊపాకే తెర లేచేది. ఆయన తర్వాత ఆ పని మా బాపు చేశాడు.

ఇప్పుడు బాపూ లేడు, గుండ్రటి అడుగు బకెట్లూ లేవు, ఎండిన మంజీర ఇసుక వెచ్చదనమూ లేదు. మనవరాలు రెక్కలు వెతుక్కుంటూ వచ్చింది.

"అమ్మమ్మా, గట్ల ఏం చూస్తున్నవ్?"

"నిండుగ ఉందా లేదా అని."

"మీటరుల సూది పచ్చ రంగు మీద ఉంది కదా, నిండుగున్నట్టే," అని రెక్కలు తగిలించుకుని తుర్రుమంది.

సూదిని నమ్మాను. అయినా తెర లేచేలోపు సిలిండరును పై నుంచి కింది దాకా ఒకసారి తడిమాను. చల్లగా, నున్నగా ఉంది. చెయ్యి దూర్చి చూడడానికి దానికి నోరే లేదు.