కరెంటు అనే ఒక్క మాట

ఏ మోటారు దగ్గరికి వెళ్లినా ఆమె ముందు కుడిచేతి వెనకవైపును దాని ఒంటికి ఆనించేది, జ్వరం చూసినట్టు. ఆ తర్వాతే నోరు విప్పేది. కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టడం ఆమె పని. ముప్ఫై ఏళ్లుగా అదే. వీధిలో అందరూ తీగలమ్మ అనేవాళ్లు. భర్త ఆ పని నేర్పి, దుకాణం అప్పగించి, తొందరపడి పైలోకానికి వెళ్లిపోయాడు. మరిది నూలుమిల్లులో ఫిట్టరు.

ఒక మధ్యాహ్నం తోడికోడలు చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చింది.

"అక్కా, మీ మరిది రేపు పొద్దున రాజీనామా ఇస్తాడట. కాయితం రాసి జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. నా మాట చెవిన పెడితేనా! మీరే చెప్పాలి."

"ఎందుకట?"

"మీ వెనకగదిలో ఉందిగా నా సవతి, దానికోసం."

వెనకగదిలో ఒక మోటారు, ఒక జనరేటరు, రెంటి మధ్యా ఒక బెల్టు. మోటారు జనరేటరును తిప్పాలి, జనరేటరు మోటారును నడపాలి, మిగిలినదానితో ఇల్లు వెలగాలి. అదీ మరిది ఆలోచన. జనరేటరుకు రెండింతల చుట్లు వెయ్యమన్నాడు. ఉన్న చోటులో పట్టాలి కాబట్టి తీగలమ్మ సన్నతీగతో వేసింది. ఎందుకని అడగలేదు. ఇప్పటికి నాలుగుసార్లు, యంత్రం తిరుగుతుండగా బయటినుంచి వచ్చే మెయిన్ తీసేసి చూశాడు. నాలుగుసార్లూ అది నెమ్మదించి ఆగిపోయింది. బేరింగులు పట్టేస్తున్నాయన్నాడు. వాటి సంగతి తేల్చడానికి పగలంతా కావాలి. పగలు మిల్లుది.

సాయంత్రం మరిది షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు.

"చూడు వదినా, మీటరు చూడు. లోపలికి రెండొందల ముప్ఫై, బయటికి నాలుగొందల పది. ఇంత కరెంటు ఎక్కువొస్తోంటే మా ఆవిడ నన్ను పిచ్చోణ్ణి చేస్తోంది."

"అది చేసేదేముంది, తయారుగానే ఉన్నావు. అయినా ఎక్కువొచ్చింది కరెంటు కాదయ్యా, అదీ..."

ఆగిపోయింది. దీపం ఆరితే కరెంటు పోయిందంటారు. షాకు కొడితే కరెంటు కొట్టిందంటారు. తీగలో ఉండే తోపుకూ, పారేదానికీ, రెండూ కలిసి చేసే పనికీ ఆమె దగ్గర కూడా ఒక్కటే మాట ఉంది. చేతికి తెలిసింది నోటికి రాలేదు.

బెల్టు ఊడదీసింది. మూలనున్న పెద్ద చేతిచక్రాన్ని లాక్కొచ్చి ఆ బెల్టుతోనే జనరేటరుకు తగిలించింది.

"తిప్పు."

తిప్పాడు. చక్రం గిర్రున తిరిగింది. "వెన్నలా ఉంది వదినా!"

"ఆపకు." జనరేటరు తీగలకు స్విచ్చిలున్న మూడు బల్బులు కలిపి, మొదటి స్విచ్చి వేసింది. బల్బు వెలిగింది. అతని భుజం ఒక్కసారి ముందుకు వంగింది.

"చక్రాన్ని పట్టుకున్నావా వదినా?"

"నా చేతులు ఇక్కడున్నాయి, చూసుకో." రెండో స్విచ్చి వేసింది. అతని మెడ నరాలు తేలాయి. మూడోది వేసేసరికి రెండు చేతులూ వెయ్యాల్సి వచ్చింది, అయినా చక్రం నెమ్మదించి దీపాలు ఎర్రబడ్డాయి. స్విచ్చిలన్నీ ఆపేసింది. చక్రం మళ్లీ తేలికై, అతన్ని దాదాపు లాక్కుపోయింది.

"మీటరు చూపించింది తోపు," అంది, మాటల్ని వెతుక్కుంటూ. "ఏమీ కలపకుండా చూశావు. అప్పుడు పారేది లేదు, పనీ లేదు. పని అడిగావా, అంతా నీ భుజంలోంచి తీసుకుంటుంది."

"మరి బేరింగులు మంచివి వేస్తే?"

"గాలిలో తేలే బేరింగు వెయ్యి. పెట్టినంత వస్తే గొప్ప. అదీ రాదు. ఇలా రా." అతని చేతిని జనరేటరు ఒంటిమీద పెట్టింది. గోరువెచ్చగా ఉంది. "ఇది నీ చెమటే. దీపంలోకి పోకుండా ఇక్కడ దిగబడింది."

అతను నేలమీద కూర్చున్నాడు. జనరేటరు లోపలికి తొంగి చూశాడు.

"వదినా, లోపల తిరిగేది దేనికీ తగలదు కదా. మధ్యలో గాలి."

"అవును. గోరంత ఖాళీ."

"మరి అవతల బల్బు పెట్టామని దానికెవరు చెప్పారు?"

ఆమె వందల మోటార్లు విప్పింది, చుట్టింది. రాగి, ఇనుము, వార్నిషు. లోపల ఇంకేమీ లేదని ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ ఏమీ లేనిచోట ఎవరో కూర్చుని, ఇచ్చినదానికి సరితూగేంత బరువు మనిషి చేతిమీద పెడుతున్నారు. రెప్పపాటు ఆలస్యం లేదు. మొహమాటం లేదు. ఎవరూ చూడని గదిలో కూడా తప్పు తూచరు. చేతి వెనకవైపును మళ్లీ జనరేటరుకు ఆనించింది.

"తెలీదయ్యా," అంది. "ముప్ఫై ఏళ్లలో నేను అడగనే లేదు."

అతను లేచి వెళ్లిపోయాడు. రాజీనామా మాట అతను ఎత్తలేదు, ఆమె అడగలేదు.

మర్నాడు పొద్దున, మిల్లు సైరను కూయకముందే ఆమె గేటు దగ్గర నిలబడింది. సైకిలు దిగి మరిది నవ్వాడు. "కాపలాకొచ్చావా వదినా? కాయితం నీకే ఇస్తున్నా, పట్టు." జేబులోంచి తీసి ఆమె చేతిలో పెట్టి, గుంపులో కలిసి లోపలికి పోయాడు.

కాయితం వెనక పెన్సిలుతో రాసి ఉంది. ఒకటి, తోపు. రెండు, పారేది. మూడు, పని. నాలుగు అని అంకె వేసి, దాని పక్కన ఏమీ రాయలేదు. చక్రాన్ని వెనక్కి పట్టేదానికి అతనికి పేరు దొరకలేదు కాబోలు.

ఆమె దుకాణం తెరిచి, పెన్సిలు రాత ఉన్న వైపు బయటికి వచ్చేలా కాయితాన్ని మీటరు పక్కన గోడకు అంటించింది.