తొట్టిలో తెల్ల ఇసుక

మా భూపాలపల్లి క్వార్టర్లలో పొద్దున తుడిచిన కిటికీ సాయంత్రానికి బొగ్గు దుమ్ముతో మళ్లీ నల్లబడుతుంది. అలాంటి ఇంట్లో నేను తెల్లటి ఇసుక పరిచి, ఉప్పునీళ్లు పోసి, సముద్రపు చేపలను పెంచుతున్నాను. పిచ్చి అనుకునేవాళ్లు అనుకోనీ. మా అత్త దంతాలపల్లి నుంచి వచ్చిన ప్రతిసారీ అద్దం ముందు కూర్చుని, "తాగే నీళ్లకే తిప్పలైతుంటే సముద్రం తెచ్చి ఇంట్ల పెట్టుకున్నవా బిడ్డా?" అని ఎగతాళి చేస్తుంది. చేస్తూనే గంటసేపు చూస్తుంది.

తొట్టి చిన్నదే, టీవీ బల్ల మీద పట్టేంత. అందులో తెల్ల చారల నారింజ చేపలు రెండు, అవి కాక నా ముద్దుల చేప ఒకటి. వేలెడంత ఉంటుంది. రోజంతా ఇసుకను నోట్లోకి తీసుకుని, అందులోని తిండి మిగుల్చుకుని, శుభ్రమైన ఇసుకను మొప్పల్లోంచి రాల్చేస్తుంది. ఇంట్లో నాతో సమానంగా పని చేసేది అదొక్కటే. దానికి అందని మురికిని ఆదివారం ఆదివారం నేను సన్నటి పైపుతో పైపైన లాగేస్తాను. అడుగున ఉన్న ఇసుక జోలికి మాత్రం పోను. అక్కడ గాలి ఆడదు, కదిపితే విషం నీళ్లలో కలుస్తుందని చేపలమ్మినాయన మరీ మరీ చెప్పాడు.

మా ఆయనకు ఈ మాట రుచించలేదు. ఆయన పని బొగ్గు గనిలో, మా మాటలో బాయిలో. బొగ్గు తీసిన ఖాళీల్లోకి నీళ్లతో ఇసుక నింపుతాడు. "ఇసుక సంగతి నాకు చెప్తవా? అడుగు కడగకుంటే తొట్టి శుభ్రమెట్లైతది?" అనేవాడు.

"నీ ఇసుక బాయిల ఉంచుకో. గిది నాది" అనేదాన్ని.

అత్త వచ్చి ఉన్న ఓ ఆదివారం నేను కూరగాయలకు వెళ్లొచ్చేసరికి వంటింటి గంటె తొట్టిలో ఉంది. నన్ను సంతోషపెట్టాలని ఆయన ఇసుకను అడుగు నుంచి తిరగేస్తున్నాడు. నేను నోరు తెరిచేలోపే కింది నల్ల ఇసుక పైకి లేచి, మురిగిన గుడ్ల వాసన గుప్పుమంది.

అంతే, ఆయన మొహం మారిపోయింది. "గ్యాస్! బయటికి! అందరు బయటికి!" అని అరుస్తూ ఒక చేత్తో తల్లిని, ఒక చేత్తో నన్ను వాకిట్లోకి లాక్కొచ్చాడు. పక్క క్వార్టర్ తలుపు కూడా బాదాడు. ఆ ఇంటి అక్క సగం అల్లిన జడతో వచ్చి నిలబడింది. అత్త చేతిలో ఇంకా ఒలుస్తున్న ఎల్లిపాయ ఉంది.

"ఏందిరా, గుడ్డు మురిగితే గింత లొల్లా?" అందామె.

అక్కకు నవ్వు ఆగలేదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. లోపల నా చేపలు చస్తున్నాయి. ఉరకబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వాసనొచ్చినంక వెనక్కి పోవద్దు. బాయిల గదే రూలు."

"గిది బాయి కాదు, ఇల్లు! లోపట నా చేపలున్నయి!"

నా కళ్లలో నీళ్లు చూశాడేమో, చెయ్యి వదిలి తానే లోపలికి ఉరికాడు. వెనకే నేనూ వెళ్లాను. కిటికీలన్నీ తెరిచాడు. నీళ్లు మార్చడానికి ఉప్పు కలిపి ఉంచిన బకెట్‌లోకి నారింజ చేపలను వలతో దించాను. నా వేలెడు చేప కనబడలేదు. భయమేస్తే అది ఇసుకలో దూరుతుంది. ఆయన ఊపిరి బిగబట్టి, మోచేతి దాకా ఆ నల్ల నీళ్లలో పెట్టి, ఇసుకను మెల్లగా తడుముతూ పోయాడు. చివరికి దోసిట్లో ఎత్తి బకెట్‌లో వదిలాడు. అది కాసేపు పక్కకు ఒరిగి ఉండిపోయింది. తర్వాత మొప్పలు ఆడించి, నోట్లోని ఇసుకంతా రాల్చింది.

"బతికింది!" అని అరిచాను. వాకిట్లో అక్క చప్పట్లు కొట్టింది.

బకెట్ బయటికి తెచ్చుకుని ఇద్దరం పక్కన కూర్చున్నాం. ఆయన చేతులు ఇంకా కంపు కొడుతుంటే నవ్వొచ్చింది. అంతలోనే ఇంకో ఆలోచన వచ్చి నవ్వు ఆగిపోయింది. వేలెడు చేప కోసం రూలు తప్పినవాడు, బాయిలో వెనక మనిషి చిక్కుకుంటే ఆ రూలు గుర్తుంచుకుంటాడా? పెళ్లయ్యాక నాకు అంత భయం ఎప్పుడూ వేయలేదు, ఆయన మీద అంత ప్రేమా పొంగలేదు.

"రేపు బాయిల మాత్రం వెనక్కి పోకు" అన్నాను.

ఆయన బకెట్ మీంచి తల ఎత్తలేదు.

"బాయిల చేపలుండవు తియ్" అన్నాడు.