నేను చింపిన చివరి పేజీ

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్ళు ఉండగా, మేము కేంబ్రిడ్జ్‌లో ఉండేవాళ్ళం. పక్కింటి అంకుల్‌ది ఈజిప్టు. ఆయన దగ్గర వాళ్ళ నాన్నగారి నాటి అరబిక్ మాసపత్రికలు ఉండేవి. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో కైరో నుంచి వాళ్ళ ఊరికి ఒక్కటంటే ఒక్క ప్రతి వచ్చేదట. బడిపంతులు, దర్జీ, పోస్టుమాస్టరు వంతులవారీగా చదివి, పెన్సిల్‌తో పేరు రాసి, తరువాతివారికి ఇచ్చేవారట. పేజీల అంచుల్లోనే వాదించుకునేవారట. అందరూ కలిసి సంపాదకుడికి ఉత్తరాలు రాసేవారట. అంకుల్ చెబుతుంటే నేను బుద్ధిగా తలూపేదాన్ని. బుర్రకెక్కితే కదా!

ఒక శనివారం నా స్క్రాప్‌బుక్‌కు ఓడ బొమ్మ కావలసివచ్చింది. అంకుల్ బల్ల మీదున్న పత్రిక చివరి పేజీలో చక్కటి ఓడ కనిపించింది. చివరిదే కదా, ఎవరికి కావాలి అనుకుని చింపి, ఇంటికొచ్చి జిగురు రాసి అంటించేశాను.

కాసేపటికి అంకుల్ కంగారుగా వచ్చారు. పత్రిక మొదటి పేజీ కనిపించడం లేదట. దాని వెనకాలే పేర్లన్నీ ఉన్నాయట. ఆ దర్జీ కూతురు నాలుగు గంటల రైలుకు రీడింగ్ అనే ఊరి నుంచి వస్తోంది. ఆవిడకు తండ్రి చేతిరాత అక్కడ తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. నేను చూడలేదని ధీమాగా చెప్పాను. నేను చింపింది చివరిది కదా!

హైదరాబాద్‌లో ఉర్దూ బోర్డులు చూస్తూ పెరిగిన అమ్మకు అనుమానం వచ్చింది. స్క్రాప్‌బుక్ తెరిచింది.

"ఓసి మొద్దుదానా! వాళ్ళు కుడి దిక్కు నుంచి చదువుతరే. నువ్వు చింపింది ఫస్ట్ పేజీ!"

అప్పటికే మూడున్నర. అమ్మ కెటిల్ పెట్టింది. జిగురు వదిలేలా అంకుల్ స్క్రాప్‌బుక్‌ను ఆవిరి మీద పట్టుకున్నారు. నా వేళ్ళు సన్నవని కాగితం నన్నే లేపమన్నారు. మెల్లగా లేపాను. పేజీ వచ్చింది కానీ, కింది పేర్లు సగం సగం చెరిగిపోయాయి.

ఆ దర్జీ కూతురు రాగానే, తన అజాగ్రత్త వల్లే పేజీ పాడైందని అంకుల్ చెప్పారు. నేను తట్టుకోలేకపోయాను. చింపింది నేనేనని భోరున ఏడ్చేశాను. ఆవిడ వేలు పేర్ల మీదుగా మెల్లగా దిగి ఒకచోట ఆగింది. తరువాత నా తల నిమిరి అంది: "మా నాన్న పేరు సగముంది కదా తల్లీ. మిగతా సగం నాకు వచ్చు."

ఆవిడ తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. మనవలు నవ్వితే నవ్వనీ, నాకు తెలియని భాషలో కాగితం చేతికొస్తే, అది ఎటు నుంచి మొదలో, వెనక ఎవరి పేరుందో అడగకుండా ఈ రోజుకీ కింద పెట్టను.